నిద్రను కొలవాలంటే వాచీనా, ఉంగరమా, స్లీప్ ల్యాబా?

మా బావగారు పోయిన సంక్రాంతికి స్మార్ట్ వాచీ కొనుక్కున్నారు. అప్పటినుంచి రోజూ పొద్దున్నే మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఆయన నిద్ర స్కోరు పడేది. 84, 87, ఒకరోజు 91. ఆ 87 పడ్డ రోజున దాని కిందే మా అక్కయ్య రాసింది: "ఈయన గురకకి నేను హాల్లో పడుకోబట్టి నాలుగు రోజులైంది. గుర్రుమంటూ గుర్రుమంటూ ఒక్కసారిగా ఊపిరి ఆగిపోతుంది. నేను లేచి కదిపేలోగా ఉలిక్కిపడి మళ్లీ అందుకుంటారు. ఆ 87 ఎవరిదో కనుక్కోండి."

వాచీని తప్పుపట్టలేం. చెయ్యి కదిలిందా, నాడి ఎంత వేగంగా కొట్టుకుంటోంది, అది చూసేవి ఇవే. గొంతులో గాలి ఆగిన సంగతి ఆ మోడల్ లెక్కలోనే లేదు. పెద్దగా దొర్లకుండా ఏడు గంటలు పడుకున్నారు కాబట్టి మంచి మార్కులేసింది.

అందుకే "నిద్ర చూసుకోవడానికి ఏది కొనమంటావు?" అని ఎవరైనా అడిగితే, ముందు "నీ బాధేంటి?" అని అడుగుతాను. నిద్ర పట్టకపోవడం ఒక బాధ. పట్టాల్సిన వేళకి పట్టకపోవడం ఇంకో బాధ. పట్టిన నిద్ర ఒంటికి పట్టకపోవడం మరో బాధ. ఒక్కోదానికి ఒక్కో కొలత ఉంది, ఒకదాని కొలత ఇంకోదానికి పనికిరాదు. నేను డాక్టర్ని కాను. బావగారి పుణ్యమా అని ఈ దారంతా నడిచినవాణ్ని.

మణికట్టుకి ఏం తెలుసు?

బ్యాండైనా వాచీ అయినా లోపల యాక్సెలరోమీటర్ అనే చిప్పు ఉంటుంది. ఫోను అడ్డంగా తిప్పితే తెర కూడా తిరుగుతుందే, ఆ పని చేసేదీ అదే. చేతి కదలికను సెకనుకు చాలాసార్లు కొలిచి, అరనిమిషానికో నిమిషానికో ఒక అంకెగా కుదిస్తుంది. వరసగా చిన్న అంకెలొస్తే నిద్ర, పెద్దవొస్తే మెలకువ. వైద్యులు దీన్ని యాక్టిగ్రఫీ అంటారు. ఇదేం వాచీల కంపెనీలు కొత్తగా కనిపెట్టింది కాదు. కోల్, క్రిప్కే బృందం 1992లో, సదే బృందం 1994లో ప్రచురించిన లెక్కలను పరిశోధకులు ఇప్పటికీ వాడుతూనే ఉన్నారు.

మెదడు తరంగాలను చూసే ల్యాబు పరీక్షతో పక్కపక్కన పెట్టి పోలిస్తే, నిద్రను నిద్రగా గుర్తించడంలో యాక్టిగ్రఫీ 90 శాతం పైనే నెగ్గుతుంది. మెలకువను మెలకువగా గుర్తించడంలో మాత్రం చాలా అధ్యయనాల్లో సగం మార్కులు కూడా రాలేదు. కదలకుండా మేలుకుని ఉన్న మనిషికీ నిద్రపోతున్న మనిషికీ మణికట్టు దగ్గర పెద్ద తేడా ఏముంటుంది?

కిందటి వేసవిలో ఒక రాత్రి నాకు రెండింటికి మెలకువొచ్చింది. కరెంటు పోలేదు, దోమల్లేవు, ఊరికే. తిరుగుతున్న ఫ్యాను రెక్కలు చూస్తూ, పొద్దున్నే కట్టాల్సిన చీటీ డబ్బుల గురించి ఆలోచిస్తూ మూడు నలభై దాకా వెల్లకిలా పడుకున్నాను. తెల్లారి యాప్ తెరిస్తే ఆ గంటా నలభై నిమిషాలూ లేత నీలం పట్టీలో 'తేలిక నిద్ర'గా ఉన్నాయి.

హాయిగా నిద్రపోయేవాడికి వాచీ లెక్క బాగానే సరిపోతుంది, ఎందుకంటే వాడి రాత్రిలో మెలకువే తక్కువ. నిద్రపట్టక మంచం మీద గంటలు లెక్కపెట్టేవాడి దగ్గరే ఎక్కువ తప్పుతుంది. అంటే ఎవరికి బాగా అవసరమో వాళ్ల దగ్గరే దాని మాట తక్కువ నమ్మాలి.

ఇప్పటి వాచీల్లో దీనికి తోడు వెనకాల పచ్చ దీపం ఉంటుంది. చర్మం కింద రక్తం పోటెత్తినప్పుడల్లా తిరిగొచ్చే వెలుతురు మారుతుంది, దాంతో నాడి లెక్కిస్తారు. కదలిక, నాడి, నాడి మధ్య విరామాలు కలిపి ఇది గాఢనిద్ర, ఇది కలల నిద్ర అని ఊహిస్తారు. ఈ దశలకు నిర్వచనం రాసుకున్నదేమో మెదడు తరంగాలు, కంటి కదలికలు, గడ్డం కండరాల బిగువు చూసి. మణికట్టు మీద అవేవీ దొరకవు. ల్యాబులో అసలు తరంగాలు ముందు పెట్టుకుని గుర్తులు పెట్టే శిక్షణ పొందినవాళ్ల మధ్యే ఏకాభిప్రాయం సుమారు 80 శాతం దగ్గర ఆగుతుంది. కాబట్టి "నిన్న గాఢనిద్ర 42 నిమిషాలే" అన్న అంకె చూసి కంగారు పడేవాళ్లకు నా సలహా ఒకటే: ఆ గడి చూడటం మానేయండి. ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, వారం మీద అది ఎలా మారింది అన్నవి మాత్రం చూడండి. వాచీ నమ్మకంగా చెప్పగలిగేవి అవే.

రక్తంలో ఆక్సిజన్ అంకె గురించి కూడా ఒక మాట. మణికట్టు దగ్గర సంకేతం వేలికొన కంటే బలహీనం. పైగా చర్మం రంగు కూడా అడ్డొస్తుంది. ఆస్పత్రుల్లో వేలికి పెట్టే ఆక్సిమీటర్లే నల్లజాతి రోగుల్లో పడిపోయిన ఆక్సిజన్‌ను తెల్లవాళ్లలో కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా చూడలేకపోయాయని 2020లో అమెరికాలో ఒక అధ్యయనం తేల్చింది. మన రంగుకి ఆ సంగతి గుర్తుంచుకోవడం మంచిదే. అర్ధరాత్రి ఒకసారి 88 చూపించిందని అంబులెన్సు పిలవక్కర్లేదు, రాత్రంతా 97 చూపించిందని నిశ్చింతగా ఉండనూ అక్కర్లేదు.

"పడుకుంటే నిద్ర పట్టడం లేదు"

ఈ బాధకి ఏమీ కొనొద్దు. ఒక పాత నోటుబుక్కు చాలు. నిద్రలేమిని డాక్టర్లు మాటల మీదే తేలుస్తారు: వారంలో కనీసం మూడు రాత్రులు, మూడు నెలలుగా, పడుకోవడానికి వీలున్నా నిద్ర పట్టక, దానివల్ల పగలు ఇబ్బంది. రెండు వారాలు నిద్ర డైరీ రాయమంటారు. మంచం ఎక్కిన వేళ, నిద్ర పట్టిందనిపించిన వేళ, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ, చివరికి లేచిన వేళ, పగటి కునుకు, కాఫీ టీలు. గడియారం చూసి రాయకూడదు, పొద్దున లేచాక గుర్తున్నంతే రాయాలి. రాత్రి టైము చూడటమే నిద్రని ఇంకాస్త తరిమేస్తుంది.

స్కోరు పిచ్చిలో నిద్ర పాడుచేసుకునేవాళ్లున్నారు. 2017లో అమెరికా పరిశోధకులు కొందరు దీనికి 'ఆర్థోసోమ్నియా' అని పేరే పెట్టారు. వాళ్లు రాసిన రోగుల్లో ల్యాబు పరీక్ష బాగుందని చెప్పినా నమ్మక, ట్రాకర్ మాటే పట్టుకుని కూర్చున్నవాళ్లున్నారు. చేతికి ఇప్పటికే వాచీ ఉంటే నిద్ర స్కోరు నోటిఫికేషన్ ఆపేయండి. నిద్రమాత్ర కంటే ముందు ప్రయత్నించాల్సింది నిద్రలేమికి ఇచ్చే ప్రవర్తన చికిత్స. సీబీటీ-ఐ అంటారు, సైకాలజిస్టులు చేయిస్తారు.

"నిద్ర పడుతుంది, వేళే తప్పింది"

వాచీలు నిజంగా పనికొచ్చేది ఇక్కడ. హైటెక్ సిటీలో అమెరికా వేళలకి పనిచేసేవాళ్లు, ఆస్పత్రి నర్సులు, తెల్లవారుజామున మూడింటికి గానీ నిద్ర రాని కాలేజీ కుర్రాళ్లు, సెలవులకి డల్లాస్ నుంచి విజయవాడ వచ్చి వారం రోజులు అర్ధరాత్రి ఆవకాయ జాడీ వెతుక్కునేవాళ్లు. వీళ్లకి ఒక్క రాత్రి ల్యాబులో పడుకున్నా ఏమీ తేలదు. పది పదిహేను రోజుల కదలిక చూడాలి. అమెరికా స్లీప్ మెడిసిన్ అకాడమీ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో యాక్టిగ్రఫీకి చోటిచ్చిన ముఖ్యమైన సందర్భాల్లో ఇదొకటి.

డాక్టర్లు వాడే యాక్టిగ్రఫీ పరికరం చూడటానికి చవక వాచీలాగే ఉంటుంది. చాలావాటికి తెర కూడా ఉండదు. రాయని చేతికి కడతారు. పగలూ రాత్రీ ఉంచుకోవాలి. కొన్నిటికి వెలుతురు కొలిచే కన్ను, పడుకునేటప్పుడు నొక్కే ఒక బటన్ ఉంటాయి. స్నానానికి తీసిన వేళ కాగితం మీద రాసుకోవాలి, లేకపోతే బాత్రూం గట్టు మీద ఉన్న వాచీ నిద్రపోయిందని లెక్కేస్తుంది. తిరిగిచ్చాక కంప్యూటర్లో ఒక పటం వస్తుంది: ఒక్కో రోజు ఒక్కో వరస, కదలిక ఉన్నచోట నల్లటి గీతలు, నిద్ర ఉన్నచోట తెల్లటి ఖాళీ.

నా స్నేహితుడొకడి పటం చూశాను. రాత్రి షిఫ్టు ఉన్న ఐదు రోజులూ ఖాళీ పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం దాకా ఉంది. శని ఆదివారాలు పిల్లలతో గడపాలని రాత్రి నిద్రకి మారాడు, ఖాళీ ఎగిరి రాత్రి వైపుకి దూకింది. సోమవారం మళ్లీ వెనక్కి. ఆ పటం మీద వేలు పెట్టి డాక్టరుగారు అన్న మాట: "మీరు ప్రతి వారాంతం విమానం ఎక్కకుండానే అమెరికా వెళ్లొస్తున్నారు." నాలుగు నెలలుగా అతను రక్తపరీక్షలు చేయించుకుంటున్నాడు, అలసట ఎందుకో తెలియక.

ఈ బాధకి డాక్టరు పరికరమా, మామూలు బ్యాండా? పడుకున్న వేళ, లేచిన వేళ చూసుకోవడానికి రెండు మూడు వేల రూపాయల బ్యాండు సరిపోతుంది, రెండు వారాలు తీయకుండా ఉంచుకుంటే. డాక్టరు పరికరంలో ఉన్న మేలు ఏమిటంటే ముడి డేటా చేతికొస్తుంది, లెక్క ఏ సూత్రంతో కట్టారో తెలుస్తుంది. మామూలు బ్యాండులో సాఫ్ట్‌వేర్ మారినప్పుడు లెక్క కూడా మారిపోవచ్చు, మనకి ఎవరూ చెప్పరు. చవక బ్యాండ్లలో కొన్ని పగటి నిద్రని నిద్రగా లెక్కించవు. షిఫ్టు ఉద్యోగులు కొనేముందు ఈ ఒక్కటీ అడిగి తెలుసుకోవాలి.

నార్కొలెప్సీ, అంటే పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు, అనుమానం ఉన్నవాళ్లకూ యాక్టిగ్రఫీ కావాలి. పగలు రెండు గంటలకోసారి పడుకోబెట్టి ఎంత త్వరగా నిద్రపోతారో చూసే పరీక్షకి ముందు, ఆ మనిషి కొద్దిరోజులుగా సరిపడా నిద్రపోతున్నాడని రుజువుండాలి. లేకపోతే పరీక్షలకి రాత్రులు మేల్కొని చదివిన కుర్రాడికి కూడా జబ్బు పేరు రాసేస్తారు.

"నిద్రపోయినా బడలిక తీరదు, గురక, పగలు కునికిపాట్లు"

ఇది బావగారి వరస. స్లీప్ ఆప్నియా: నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది, ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, మళ్లీ నిద్ర, మళ్లీ మూత. మనిషికి పొద్దున ఏదీ గుర్తుండదు. దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2023లో వేసిన అంచనా ప్రకారం పెద్దవాళ్లలో 11 శాతం మందికి, మగవాళ్లలో 13 శాతానికి ఇది ఉంది.

వాచీ కొనేముందు ఖర్చులేని పరీక్ష ఒకటుంది, స్టాప్-బ్యాంగ్ అంటారు. మూసిన తలుపు అవతలికి వినపడే గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూడటం, బీపీ, ఊబకాయం, 50 దాటిన వయసు, 40 సెంటీమీటర్లు దాటిన మెడ, మగవాడవడం. ఎనిమిదిలో మూడు ఉంటే డాక్టరు దగ్గరికి, ఐదు లేదా అంతకంటే ఎక్కువుంటే ఇంకా త్వరగా. బావగారికి ఆరు. మెడ మేమే టైలరు టేపుతో కొలిచాం. ఈ జాబితాలో అన్నిటికంటే విలువైన సాక్షి పక్కన పడుకునే మనిషి. అక్కయ్య ఫోనులో తీసిన రెండు నిమిషాల వీడియో డాక్టరుగారికి వాచీ ఆరు నెలల డేటా కంటే ఎక్కువ చెప్పింది.

అయితే ఈ మధ్య వచ్చిన కొన్ని వాచీలు ఆప్నియా కోసం ప్రత్యేకంగా చూస్తాయి. మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో సామ్‌సంగ్‌ వాచీ ఫీచర్‌కి, సెప్టెంబరులో ఆపిల్ వాచీ ఫీచర్‌కి అనుమతిచ్చింది. సామ్‌సంగ్‌ది పదిరోజుల్లో రెండు రాత్రులు, ఒక్కోటి నాలుగు గంటలు దాటితే, ఆక్సిజన్ తగ్గుదల చూసి చెబుతుంది. ఆపిల్‌ది ఊపిరితో పాటు మణికట్టులో కలిగే అతిచిన్న కదలికలను 30 రోజులపాటు గమనించి, ఒక మోస్తరు నుంచి తీవ్రమైన ఆప్నియా ఛాయలుంటే హెచ్చరిస్తుంది. రెండూ జబ్బు ఉందని తేల్చేవి కావు, అనుమానం రేపేవి. ఆపిల్ స్వయంగా ప్రచురించిన లెక్కల్లో, జబ్బు లేనివాళ్లను అనవసరంగా భయపెట్టడం చాలా అరుదు, కానీ జబ్బున్న ముగ్గురిలో ఒకరిని వదిలేస్తుంది. కాబట్టి హెచ్చరిక వస్తే ఆలస్యం చేయకుండా వెళ్లండి. రాకపోతే మీకేమీ లేదని కాదు. గురకపెట్టే మనిషి వాచీ కోసం నలభై వేలు ఖర్చుపెట్టి నెల రోజులు ఎదురుచూడటం నాకు అర్థంలేని పని. ఆ డబ్బు పరీక్షకి పెట్టండి. కారు నడుపుతూ కునుకు తీసినవాళ్లయితే రేపటిదాకా కూడా ఆగొద్దు.

పరీక్షలు రెండు. ఇంటికి ఇచ్చే చిన్న డబ్బా: ముక్కు దగ్గర గొట్టం, ఛాతీకి పట్టీ, వేలికి క్లిప్పు. లేదా ల్యాబులో రాత్రంతా పడుకునే పాలీసోమ్నోగ్రఫీ: తల మీద, కళ్ల పక్కన, గడ్డం కింద, కాళ్ల మీద తీగలు, వీటితోపాటు ఇంటి డబ్బాలో ఉన్నవన్నీ. ల్యాబుకి వెళ్లేవాళ్లకి ఎవరూ చెప్పని చిట్కా ఒకటి: ఆరోజు తలకి నూనె పెట్టుకోకండి. జిడ్డు మీద తీగల పేస్టు అతుక్కోదు. మా పక్కింటి పెద్దావిడ శుక్రవారం తలంటుకి ముందు నిండా నూనె పెట్టుకుని వెళ్తే, అక్కడ ఆవిడ తల తుడవడానికే అరగంట పట్టింది. గోళ్లరంగు కూడా తీసేయాలి.

రెండిట్లోనూ చివరికి వచ్చే అంకె గంటకి ఎన్నిసార్లు ఊపిరి కనీసం పది సెకన్లు ఆగింది లేక బాగా తగ్గింది అన్నది. 5 నుంచి 15 స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. ఇక్కడే ఇంటి డబ్బా ఒక పొరపాటు చేస్తుంది. దానికి మెదడు కనపడదు, కాబట్టి మామూలుగా యంత్రం నడిచిన గంటలతో భాగిస్తుంది, నిద్రపోయిన గంటలతో కాదు. 96 సార్లు ఊపిరి ఆగిందనుకోండి. నిజంగా నిద్రపోయింది ఆరు గంటలైతే గంటకి 16, మధ్యస్థం. యంత్రం నడిచింది ఎనిమిది గంటలైతే 12, స్వల్పం. మనిషీ రాత్రీ ఒకటే, చీటీ మారిపోయింది. అందుకే కొన్ని ఇంటి పరీక్షల్లో మణికట్టుకి కదలిక పట్టే పరికరం కూడా కలుపుతారు. మన వాచీలోని చిప్పు పెద్ద చదువు చదివి చేసే ఉద్యోగం ఇదీ.

లక్షణాలు గట్టిగా ఉండి, గుండె ఊపిరితిత్తుల జబ్బులేవీ లేనివాళ్లకి ఇంటి పరీక్ష చాలు. చవక, సొంత మంచం. గుండె వైఫల్యం, తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు, పక్షవాతం వచ్చినవాళ్లు, మార్ఫిన్ జాతి మందులు వాడేవాళ్లు నేరుగా ల్యాబుకే వెళ్లాలి. ఇంటి పరీక్ష ఏమీ లేదని వచ్చినా కునికిపాట్లు తగ్గకపోతే, అప్పుడూ ల్యాబే.

కాళ్ల బాధ, కలల్లో తన్నడం

త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇక్కడ వాచీకి పనే లేదు. పడుకోగానే కాళ్లలో ఏదో పాకినట్టుండి, కదిపితే గానీ ఊరుకోనివ్వని బాధకి డాక్టరు ప్రశ్నలే పరీక్ష, తోడుగా ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్‌ను రక్తంలో చూస్తారు. నిద్రలో కాళ్లు లయగా ఎగరడాన్ని యాక్టిగ్రఫీతో తేల్చొద్దని ఆ 2018 మార్గదర్శకాలు గట్టిగానే చెప్పాయి. కలలో తన్నడం, అరవడం, మంచం మీంచి పడటం 50 దాటినవాళ్లలో మొదలైతే వీడియోతో ల్యాబు పరీక్ష, న్యూరాలజిస్టు. పార్కిన్సన్స్ అనే మెదడు జబ్బుకి ఇది ఏళ్ల ముందు వచ్చే కబురు కావచ్చు, వాయిదా వేయొద్దు.

ఇవన్నీ కాక, ఊరికే చూసుకోవాలనుకుంటే

వాచీ కంటే ఉంగరం రాత్రికి సుఖం. వేలి దగ్గర నాడి సంకేతం కూడా గట్టిగా దొరుకుతుంది. తెర లేదు కాబట్టి అర్ధరాత్రి మొహం మీద వెలుగు పడదు. సైజు మాత్రం జాగ్రత్త, వేసవిలో వేళ్లు ఉబ్బుతాయి. ఔరా ఉంగరానికి నెలనెలా చందా ఉంది, బెంగళూరులో పుట్టిన అల్ట్రాహ్యూమన్ ఉంగరం చందా లేకుండానే నడుస్తుంది. బెంగళూరుదే అయిన డోజీ పరుపు కింద పెట్టే పలక, ఒంటికి ఏదీ తగిలించుకోలేని ముసలివాళ్లకి నయం. వాచీని రోజూ రాత్రే ఛార్జింగ్‌కి పెట్టే అలవాటున్నవాళ్లు నిద్ర కోసం వాచీ కొనడం ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

బావగారికి ఇంటి పరీక్షలో గంటకి 38 వచ్చింది. ఇప్పుడు సీపాప్ యంత్రం పెట్టుకుంటున్నారు, ముక్కుకి మాస్కు తగిలించి గాలి ఒత్తిడితో గొంతు తెరిచి ఉంచేది. 1981లో సిడ్నీలో కోలిన్ సల్లివాన్ అనే డాక్టరు దీన్ని మొదట ప్రపంచానికి చూపించారు. మొదటి వారం మాస్కు సర్దుకుంటూ రాత్రంతా చేతులాడించడంతో వాచీ స్కోరు 71కి పడిపోయింది. ఆ అంకె గ్రూపులో పెట్టలేదాయన. ఎనిమిదో రోజు పొద్దున తొమ్మిదింటికి అక్కయ్య మెసేజ్ వచ్చింది: "ఇప్పుడే లేచా. గదిలోనే."